ఒంటి మీద తాడు

నరహరి పిరికోడు. ఈ ముచ్చట సూరత్‌ల ఎవ్వరికీ తెల్వదు. బిల్డింగులు కట్టే సైటు మీద సేఫ్టీ సారు వరప్రసాద్ అయితే, "ఈ పెద్దాయనకి ప్రాణమంటే లెక్కేలేదండీ బాబూ" అని నలుగురి ముందర నవ్వేటోడు. ఉల్టా చెప్పిండు సారు. సావంటే నరహరికున్నంత భయం ఆ సైటు మీద ఇంకొకనికి లేకుండె.

మీసం రాకముందే సూరత్ పక్కన ఉధ్నాల మర మగ్గాల మీద పనికి ఎక్కిండు. ఆ మోతల మాట వినబడదు, అందుకే ఎవ్వడూ నోరు తెరవడు. ఏదన్నా తేడా కండ్లబడితే ఆపెటందుకు ముందు చెయ్యే పోవాలె. ఒకనాడు నరహరి చెయ్యి టైముకు పోలే. పక్క మగ్గం కాడ వాళ్లన్న అంబదాస్ మెడల తువ్వాల మగ్గాన్ని తిప్పే మోటారు పట్టాల పడ్డది. తువ్వాల ఎంబడి మనిషి గూడ పోయిండు. సేటు ఆ గుడ్డను కత్తితోని కోయిపిచ్చి, మధ్యాహ్నం మళ్ల అదే మగ్గం నడిపిచ్చిండు. థూ! వానిదీ ఒక పుటకనేనా?

ఆనాటి సంది నరహరి ఒంటి మీద వేలాడేది ఏదీ ఉంచలే. ఆఖరికి మొలతాడు గూడ తెంపి పారేసిండు. భార్య భాగ్యలక్ష్మి కొంగు దోపుకోకపోతే అన్నం ముట్టకపోతుండె.

కొత్త మిషన్లొచ్చి పాత మగ్గాలు తుక్కుకు పోయినయి. నరహరి, భాగ్యలక్ష్మి తమ్ముడు రాజు, ఇద్దరూ ఇచ్ఛాపూర్ దిక్కు కడుతున్న బిల్డింగుల కూలికి కుదిరిండ్రు. మొదటి దినమే వరప్రసాద్ నడుముకు బెల్టు కట్టిచ్చి, దాని తాడు ఇనుప పైపుకు తగిలిచ్చుకోమన్నడు. నరహరికి చెమటలు పట్టినయి. తాడు కట్టుకొని సావుమంటడేంది వీడు? సారు చూస్తే తగిలిస్తుండె, సారు అటు తిరిగితే తీస్తుండె. అంత ఎత్తుకెళ్లి కిందికి చూస్తే మాత్రం ఏం కాకపోతుండె. పడి సచ్చినోన్ని ఎన్నడూ చూడలే మరి.

ఇంట్ల భాగ్యలక్ష్మిది రోజూ పొద్దుగాల ఒక్కటే పోరు. "ఏమయ్యా, నా తమ్ముని మీద తాడు ఉండనియ్యకు. మీ అన్న గతి వానికి పట్టొద్దు. నీ కాళ్లు మొక్కుత."

"నేనున్న గద," అనేటోడు నరహరి.

రాజుకేమో ఆ తాడు మస్తు నచ్చింది. నాలుగో అంతస్తు అంచుల నిలబడి, మోటారు పైకి లాగే సిమెంటు తట్టలు అందుకునుడు వాని పని. తాడు మీద బరువేసి బయటికి వాలి, "బావా, జర చూడు, ఊయల లెక్కున్నది!" అని ఇకిలిస్తుండె.

ఆ దినం గాలి జోరుగున్నది. రాజు తాడు ఊగి ఊగి, పక్కనే తిరిగే మోటారు పట్టా దగ్గరికి పోతున్నది. నరహరికి అన్న కండ్లల్ల మెదిలిండు. ఒక్క మాటంటే అయిపోతుండె, రాజు పక్కకు జరుగుతుండె. మగ్గాల కాడ పెరిగినోనికి మాట ఏడికెళ్లి వస్తది? చెయ్యే పోయింది. ఈసారి ఆలస్యం గాలే. ఎనుకనుంచి పోయి, పైపుకున్న రాజు తాడు కొండి ఊడదీసిండు. బతికిచ్చుకున్న నా బామ్మర్దిని, అనుకున్నడు. పాపం, ఆ ఒక్క ఊపిరి ఎంత హాయిగ పీల్చుకున్నడో!

రాజు తట్ట అందుకున్నడు. రోజు లెక్కనే బయటికి వాలిండు.

దవాఖాన వరండలకు భాగ్యలక్ష్మి ఉరుక్కుంట వచ్చింది. ఆ గాబరాల గూడ కొంగు బిగ్గ దోపుకొనే ఉన్నది. రాజు పడ్డడు అన్నంతవరకే ఆమెకు చెప్పిండ్రు. మొగని అంగి పట్టి గుంజింది.

"తాడు మోటారుల పడి గుంజేసిందా?"

"లే. నేనే ఇప్పిన."

"ముందుగాలనే ఇప్పినవా?"

"ఆఁ."

ఆమె రెండు చేతులెత్తి మొగనికి దండం పెట్టింది. కండ్లెంబడి నీళ్లు కారుతున్నయి, మొఖం మాత్రం నవ్వుతున్నది.

"బతికిచ్చినవయ్యా! మిగిలిన దెబ్బలేమున్నా మానుతయి తీ. ఏడున్నడు వాడు? జర చూపియ్యి."

నరహరి చెయ్యే పోయింది, గోడ పక్కన నిండా బట్ట కప్పిన స్ట్రెచర్ దిక్కు.