తూము నీళ్ళ దావా

వాడపల్లి రేవులో ఉదయం ఆరున్నరకు పడవ కదిలింది. ఆవలి గట్టు ముప్పాతిక మైలు. కొత్త కాలువలకు మట్టం కొలిచే ఉద్యోగం నాది. ఆనకట్ట కట్టాక ఈ సీమలో ధాన్యం రెట్టింపయిందని కచేరీలో అనేవారు. జనం సుఖం కూడా అంతే పెరిగిందా అని ఎదుట కూర్చున్న ఇద్దరు రైతులను అడిగాను.

"ఆయ్, బాగా పండుతోందండి. అందుకే రాజమహేంద్రవరం కోర్టుకి వెళ్తున్నాం," అన్నాడు పెద్దవాడు. "తూము నీళ్ళు ముందు ఎవరి చేలోకి పారాలో తేలట్లేదండి."

"దావా ఎవరి మీద?"

"ఇదిగో, మా తమ్ముడి మీదేనండి."

తమ్ముడు చద్దిమూట విప్పి, ముందుగా అన్నకే పెట్టాడు. మూట కట్టింది వదినగారట. ప్రతివాది చేతి అన్నం వాది తినడం నేనెక్కడా చూడలేదు.

"దావా వేసినోడి ఇంటి అన్నం ఎలా దిగుతోందిరా?" అన్నాడు పడవవాడు తమ్ముడితో.

"మా వదినగారి మీద నాకు ఏ దావా లేదు, మావా."

"మరి కరువు రోజుల్లో తగువులు లేవా?" అన్నాను.

"అప్పుడు నీళ్ళే లేవు కదండీ," అన్నాడు తమ్ముడు.

మరుసటి ఏడు మళ్ళీ ఆ రేవు దాటినప్పుడు పడవవాడు మిగతాది చెప్పాడు. తీర్పు తమ్ముడి పక్షాన వచ్చింది. ఖర్చు, కోర్టు కోసం అమ్ముకున్న చెరొక జత ఎడ్లు. నష్టం, దున్నే దారిలేక ఆ యేటి నాట్లు, ఇద్దరివీ.