పదకొండు సార్లు చాయ్ పోసిన మనిషి

కాగితంలో ఇలా ఉంది: "అధికారి ఇంట్లో ఉన్న గంటన్నరలో దరఖాస్తుదారు పదకొండు సార్లు చాయ్ పోశారు. రొట్టె విరిచి పెట్టారు. తన పనులు తాను చేసుకోగలరు." దాని కింద గుండ్రటి ముద్ర. వికలాంగుల ఒకటో గ్రూపులోంచి తీసేసి రెండో గ్రూపులో వేశారు.

జిపారా దాన్ని రెండుసార్లు చదివింది. "పదకొండు సార్లా వదినా?"

"పద్నాలుగు," అంది కంచాయిమ్ చక్రాల కుర్చీలోంచి. "ఆ మనిషికి లెక్క రాదు."

జిపారాకి నవ్వు రాలేదు. ఒకటో గ్రూపంటే రెండో మనిషి సాయం లేనిదే రోజు గడవదని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు. ఆ సాయం చేసే మనిషికి నెలనెలా భత్యం ఇస్తారు. ఆ భత్యం మీదే జిపారా ఈ ఇంట్లో ఉంటోంది. అది పోతే ఆమె మాస్కో వెళ్ళి ఎవరి మెట్లో తుడుచుకోవాలి, కంచాయిమ్ నగరంలోని ఆశ్రమానికి పోవాలి. ఒక గదికి ఆరు మంచాలు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. తమ్ముడు పోయాక అతని పెళ్ళాన్ని ఇంట్లో పెట్టుకుని కంచాయిమ్ తొమ్మిదేళ్ళుగా ఆ సామెతకి న్యాయం చేస్తూనే ఉంది, తిట్టడంలో ఏ లోటూ రానివ్వలేదు. ఆ తిట్లు లేని ఇంట్లో బతకడం జిపారా ఊహకి అందలేదు.

మా లోయలో ఎవరికైనా గిన్నె నిండా చాయ్ పోస్తే, తాగి ఇక బయల్దేరమని. సగమే పోస్తే, ఇంకా కూర్చో, మళ్ళీ పోస్తాను అని. ఎంత తక్కువ పోస్తే అంత గౌరవం, ఎంత గౌరవమైతే అన్నిసార్లు పోయడం. జిల్లా కమిషన్ నుంచి తనిఖీకి వచ్చిన మెదెర్ కూడా ఈ నేల మీద పుట్టినవాడే. అయినా ఆమె చేసిన మర్యాదని లెక్కబెట్టి, ఆమె బలమని రాసుకున్నాడు. కడుపు నిండా తాగి మరీ రాశాడు.

ఆ తనిఖీ రోజున జిపారా ఊళ్ళో లేదు, చెల్లెలి పురుడుకి వెళ్ళింది. అతిథి వస్తున్నాడని కబురందగానే కంచాయిమ్ రెండు రోజుల ముందు నుంచే మొదలుపెట్టింది. ఒళ్ళో పలక పెట్టుకుని పిండి కలిపింది. బోర్సోక్ ముక్కలు కోసి, పొయ్యి పక్కన కుర్చీని ఓరగా ఆనించి, ఒక్కో వాయి నూనెలో వేయించింది. వాయికీ వాయికీ మధ్య తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకునేదట. పక్కింటివాళ్ళని పిలవలేదు. జిపారా తిరిగొచ్చేసరికి మనిషి మంచం మీద ఉంది, చేతులు లేవడం లేదు. తొడ మీద అరచేయంత బొబ్బ. నూనె చిందిందన్న సంగతే ఆమెకి తెలియదు.

"కాలింది వదినా!"

"నడుం కిందిదంతా పొరుగింటిదే, నాకేం తెలుస్తుంది? వాళ్ళనడుగు."

"ఎవరు చెయ్యమన్నారు ఇదంతా? పడుకుని మూలగాల్సింది!"

"ఇంటికొచ్చినవాడి ముందు మూలుగుతారటే?"

"అతిథి కాదు తల్లీ, తనిఖీకి వచ్చినవాడు!"

"గడప దాటాడా లేదా?"

మా లోయలో గడప దాటినవాడెవడైనా అతిథే. జిపారా బొబ్బకి మందు రాసింది.

కంచాయిమ్ పదహారేళ్ళు గుర్రం మీద తపాలా పంచింది. ఎండాకాలం కొండ మీది గుడారాలకి, చలికాలం మంచులో మునిగిన ఇళ్ళకి. ముసలివాళ్ళ పింఛను ఆమె చేతి మీదుగానే అందేది. ఆమె రొట్టె తుంచి నోట్లో పెట్టుకోకుండా ఏ ఇంటివాళ్ళూ కదలనిచ్చేవారు కాదు. ముప్ఫై నాలుగో ఏట, ఏరు దాటుతుంటే మంచుపెచ్చు విరిగి గుర్రం ఆమె మీద పడింది. నడుం విరిగినా సంచీని నీళ్ళలో పడనివ్వలేదు. ఆ రోజు ఉత్తరాలన్నీ పొడిగానే అందాయి. ఇది జిపారా అత్తగారింట్లో వందసార్లు విన్న కథ, వినీ వినీ విసుగొచ్చిన కథ.

అప్పీలుకి ముప్ఫై రోజుల గడువు. కంచాయిమ్ తన గుండ్రటి దస్తూరీతో తానే రాసి, రిజిస్టర్ చేయించి, రసీదునీ, అవతలివాళ్ళ సంతకంతో తిరిగొచ్చిన చీటీనీ దిండు కింద పెట్టుకుంది. మూడో వారం జిపారా ఫోన్ చేస్తే అలాంటి కాగితమేదీ రాలేదని అక్కడి గుమస్తా అంది. కంచాయిమ్ ఫోన్ లాక్కుంది.

"రసీదు నంబరు చెప్తాను, రాసుకో తల్లీ. ఏ రోజు చేరిందో, ఎవరు సంతకం పెట్టారో కూడా చెప్తా. సంతకం నీదే అనుకుంటా, కొక్కిరిబిక్కిరిగా ఉంది."

కాగితం అప్పటికప్పుడే దొరికింది. విచారణకి తేదీ ఇచ్చారు.

ఇక జిపారా పాఠం మొదలుపెట్టింది. "అక్కడ ఏదడిగినా ఒక్కటే జవాబు వదినా. నా వల్ల కాదు. ఏదీ, అనండి."

"నా..." అని కంచాయిమ్ ఆగిపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. "రావట్లేదే. నోరు తిరగట్లేదు."

"మాస్కో మంచులో నన్ను తలుచుకుంటే అదే తిరుగుతుంది!"

కంచాయిమ్ ముఖం పక్కకి తిప్పుకుంది. ఆ రోజంతా జిపారాని ఒక్క తిట్టూ తిట్టలేదు. జిపారాకి అప్పుడు నిజంగా భయం వేసింది.

అప్పీళ్ళు వినే పెద్ద కమిషన్ ప్రాంతీయ పట్నంలో, నడవలేనివాళ్ళ కోసమే పెట్టిన ఆఫీసు కాబట్టి, మేడ మీద ఉంది. లిఫ్టు లేదు. ఎదురుగా ఉన్న బజారులోంచి నలుగురు మగాళ్ళు వచ్చి కుర్చీతో సహా ఎత్తారు. అందులో నెరిసిన గడ్డం వాడొకడు మెట్ల మధ్యలో ఆగిపోయాడు. "తపాలా అక్కవి కదూ? నేను సైన్యంలో ఉండగా మా అమ్మకి రాసిన ఉత్తరాలన్నీ నువ్వే ఇచ్చావు."

"చదివిపెట్టింది కూడా నేనే. అన్నిట్లోనూ తిండి గోలే," అంది కంచాయిమ్.

పైన గదిలో ముగ్గురున్నారు: పెద్ద డాక్టరమ్మ అసిల్కన్, ఒక గుమస్తా, జవాబు చెప్పుకోడానికి పిలిపించిన మెదెర్. డాక్టరమ్మ ఫైలు తిప్పింది.

"తనిఖీ రోజున బల్ల సర్దింది మీరేనా?"

జిపారా పక్కనుంచి 'నా వల్ల కాదు' అని పెదవులు కదిపింది.

"నేనే."

"చాయ్ పోసింది?"

"నేనే. పద్నాలుగు సార్లు."

జిపారా కళ్ళు మూసుకుంది. అయిపోయింది. మెదెర్ గర్వంగా కాగితం ముందుకి జరిపాడు.

"ఎలా పోశానో మాత్రం ఆయన రాయలేదు," అంది కంచాయిమ్. కిటికీ గట్టు మీద, ప్రతి ఆఫీసులో ఉన్నట్టే, వేడి చాయ్ కెటిలూ గిన్నెలూ రొట్టె బుట్టా ఉన్నాయి. "మీరు మా ఇంటికి రాలేదు కదమ్మా. ఇక్కడే పోస్తాను, చూడండి. జిపారా, నువ్వు కదలకు."

వద్దనడానికి డాక్టరమ్మ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. పెద్దావిడ పోస్తానన్న చాయ్‌ని మా వాళ్ళెవరు కాదనగలరు?

బల్లకీ గోడకీ మధ్య కుర్చీ పట్టలేదు. వెనక్కీ ముందుకీ తొమ్మిదిసార్లు తిప్పింది. గట్టు ఎత్తు, కెటిల్ అందలేదు. ఎడమ చేత్తో గట్టు అంచు పట్టుకుని, ఒంటిని ఆ చేతి మీద వేలాడదీసి, కుడి చెయ్యి చాచింది. చేతి నరాలు తాళ్ళలా లేచాయి. మొదటి గిన్నె సగం నిండడానికి గోడ గడియారం ఆరు నిమిషాలు తిరిగింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, చక్రాలు తోసుకుంటూ వచ్చి, రెండు చేతులతో డాక్టరమ్మకి అందించింది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది. రోజూ పక్కనే ఉండే జిపారా కూడా, ఆమె ఒంటరిగా ఒక గిన్నె చాయ్ పోయడం మొదటినుంచి చివరిదాకా ఎన్నడూ చూడలేదు. ఎప్పుడూ మధ్యలో తన చెయ్యి అడ్డొచ్చేది. ఈ మనిషి తనకోసం కదా ఇంత కొండ ఎక్కుతోంది అనుకుంది.

రెండో గిన్నె దగ్గర కెటిల్ ఒరిగింది. వేడి చాయ్ ధారగా ఆమె ఒళ్ళో పడింది. లంగా మీంచి ఆవిరి లేచింది. కంచాయిమ్ చూపు గిన్నె మీదే ఉంది. ఆమె ఇంకా పోస్తూనే ఉంది.

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి పడేలా లేచింది. "కాలుతోంది! కాళ్ళ మీద!" జిపారా అప్పటికే పరిగెత్తి తడిబట్టని ఎత్తి పట్టుకుంది. తొడ ఎర్రబడింది, పాత బొబ్బ మచ్చ పక్కనే. డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని రెండిటినీ చూసింది.

"ఈ పాతది ఎప్పటిది?"

"తనిఖీ బోర్సోక్‌ది," అంది జిపారా. "ఆయన కోసం వేయిస్తుంటే నూనె చిందింది."

డాక్టరమ్మ చల్లనీళ్ళ గుడ్డ వేయించి, ఫైల్లో పుట్టిన సంవత్సరం చూసింది. "నాకంటే నాలుగేళ్ళు పెద్దవారు. పెద్దవాళ్ళుండగా పోయాల్సింది చిన్నవాళ్ళం. ఇలా ఇవ్వండక్కా."

కంచాయిమ్ వేళ్ళు కెటిల్‌ని వదల్లేదు. కాసేపటికి ఒక్కొక్కటే వదిలాయి.

"ఇంక నా వల్ల కాదమ్మా," అంది మెల్లగా.

"రాయి," అంది డాక్టరమ్మ గుమస్తాతో. "ఒకటో గ్రూపు. జీవితాంతం. మళ్ళీ పరీక్షలు అక్కర్లేదు."

ఆ తర్వాత డాక్టరమ్మ కంచాయిమ్ గిన్నెలో సగం పోసి, రెండు చేతులతో ఇచ్చింది. జిపారాకి సగం. గుమస్తాకి సగం. మెదెర్ గిన్నెని మాత్రం అంచుదాకా నింపింది. అందరికీ అర్థమైంది. అతని చెవులు ఎర్రబడ్డాయి, గిన్నె ముట్టుకోలేదు.

"అందులో సగం నా ఖాళీ గిన్నెలో వంచమ్మా," అంది కంచాయిమ్. "అబ్బాయీ, ఆ రోజు రాసుకునే తొందరలో నువ్వు బోర్సోక్ సరిగ్గా తినలేదు. ఈసారి మా జిపారా చేస్తుంది, మళ్ళీ రా."