సున్నా కింద ఒక నిమిషం

మా ఆయన పోయిన ఏడాదే, వానలు తగ్గుముఖం పట్టాక, గమ్హరియా నుంచి ఒక సేఠ్ ఫోన్ చేశాడు. జుగ్సలాయిలో ఆయనకి పాత ఇనప సామాన్ల గోడౌన్, గమ్హరియాలో ఓ చిన్న ఫ్యాక్టరీ ఉన్నాయి. బస్సు సీట్ల కింద బిగించే ఇనప బ్రాకెట్లకి అక్కడ రంగు వేసి భట్టీలో, అంటే పెద్ద వేడి పొయ్యిలో, ఆరబెడతారు. ఆ భట్టీలోంచి సాగే బెల్టుకి కంట్రోల్ బోర్డు చేసిచ్చింది మేమే. మేమే అంటే, ప్రోగ్రామ్ రాసింది మా ఆయన, చిప్పు పెట్టి తీగలు అతికించింది నేను. ఈ హిందీ మాట్లాడే ఊళ్ళో, సోనారి పేటలో మా ఇంటి వెనక గదే మా కార్ఖానా.

సేఠ్ ముందు పరామర్శ మాటలు రెండు మాట్లాడి, తర్వాత సంగతిలోకి వచ్చాడు. సరుకు తగిలించడానికి ఆగిన బెల్టు ఈమధ్య ఒక్కోసారి బటన్ నొక్కినా కదలడం లేదట. ఎవరూ ముట్టుకోరు. నిమిషం పైన అలాగే నిలబడి, తనంతట తనే మళ్ళీ కదులుతుందట. ఆలోగా లోపలున్న సరుకు రంగు మాడి నల్లబడుతోంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి తీగలన్నీ చూపించాడు. ఏ లోపమూ దొరకలేదు. ఇంకో మాట చెప్పడానికి కాస్త తటపటాయించాడు. పనివాళ్ళు ఆ మిషను గురించి ఏదో అనుకుంటున్నారన్నాడు. ఏమనుకుంటున్నారని అడిగితే, "ఆప్ ఆకర్ దేఖ్ లీజియే, భాభీజీ" అని, మీరే వచ్చి చూసుకోండంటూ ఫోన్ పెట్టేశాడు.

అప్పటికి నేను కొత్త పనేదీ ఒప్పుకోవడం లేదు. వెనక గదిలోకి వెళ్తే ఆయన గొంతు సవరించుకున్నట్టు వినిపించేది. ఆయనకి అదొక అలవాటు. ప్రోగ్రామ్ నడిపించే ముందు చిన్నగా గొంతు సవరించుకునేవారు, ఎవరి ముందో మాట్లాడబోతున్నట్టు. ఆ చప్పుడు మధ్యాహ్నం పూట, కిటికీలోంచి ఎండ పడుతుండగా, స్పష్టంగా వినేదాన్ని. అమ్మాయికి చెప్పలేదు. కాలేజీ చదువులో ఉన్న పిల్లని భయపెట్టడం ఎందుకని.

మర్నాడు ఆటోలో గమ్హరియా వెళ్ళాను. భట్టీ మూతి దగ్గర ఒకామె నిలబడి ట్రేకి బ్రాకెట్లు తగిలిస్తోంది. పలాస వైపు మనిషి, యాభై దగ్గర వయసు. మొగుడు కాంట్రాక్టు పనిలో ఉండగా ఈ ఊరొచ్చి ఇక్కడే స్థిరపడిపోయింది. నేను ఎవరినో తెలిసి చేతి తొడుగులు తీసి దణ్ణం పెట్టింది. పక్కనే గోడ వారగా ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చున్నాను.

పొద్దున్నంతా ఏమీ జరగలేదు. బెల్టు ఓ బారెడు కదులుతుంది, ఆగుతుంది. ఆమె ట్రే తగిలించి బటన్ నొక్కుతుంది. కాసేపటికి మళ్ళీ కదులుతుంది. భోజనాలయ్యాక ఆమె చెయ్యి కొంచెం నెమ్మదించింది. ఒక కొక్కెం వంగి ట్రే సరిగ్గా పట్టలేదు. సరిచేసి బటన్ నొక్కింది. బెల్టు కదల్లేదు.

ఆమె తొడుగులు విప్పి పక్కన పెట్టింది. వెనక రంగు కొడుతున్న ఇద్దరూ పని ఆపి నిలబడ్డారు. ఒకతను తలకి కట్టుకున్న గంఛా తువ్వాలు విప్పి చేత్తో పట్టుకున్నాడు. పక్క షెడ్డులో ప్రెస్ మిషన్ దబదబలాడుతూనే ఉంది కానీ మా దగ్గర మాత్రం గుడిలో హారతి ముందు ఉండే నిశ్శబ్దం. లోపల మాడుతున్న రంగు వాసన మెల్లగా బయటికి వచ్చింది. తర్వాత బెల్టు తనే కదిలింది. గంఛా మళ్ళీ తలకెక్కింది.

ఏమిటిదని ఆమెని అడిగాను. చెప్పడానికి ఇష్టపడలేదు. మళ్ళీ అడిగితే తల వంచుకుని అంది:

"సారొచ్చారమ్మా. నా సెయ్యి అలిసిపోయినప్పుడే వత్తారు. కూసింత కూకోమని మిసను ఆపుతారు. మా కోడలు నిలబడితే ఆగదు. నాకే ఆగుద్ది."

నేను దెయ్యాలని నమ్మే మనిషిని కాను. అయినా ఆ పూట ఇంటికి వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే వెనక గదిలో కంప్యూటర్ తెరిచి, ఆ ప్రోగ్రామ్ బయటికి తీశాను. పెళ్ళయిన కొత్తలో నాకు ఈ విద్య నేర్పింది ఆయనే. చిప్పులో లెక్కలు దాచుకోవడానికి డబ్బాల్లాంటివి ఉంటాయి. చిన్న డబ్బా పేరు బైటు, అందులో రెండొందల యాభై అయిదు దాటి పట్టవు. పెద్ద డబ్బా పేరు వర్డు, అందులో అరవై అయిదు వేల పైచిలుకు పడతాయి. స్కూటర్ మీటర్‌లాగే, నిండాక ఇంకొకటి కలిపితే మళ్ళీ సున్నాలే. అదే మీటర్ సున్నాల మీద ఉండగా వెనక్కి ఒకటి తిప్పితే? అన్నీ తొమ్మిదులు పడతాయి. సున్నా కింద ఏముంటుందో దానికి తెలీదు. తక్కువ దాంట్లోంచి ఎక్కువ తీసెయ్యమంటే, చేతిలో ఏమీ లేదని ఒప్పుకోదు, తన దగ్గరున్న అతి పెద్ద అంకెల వైపు దూకుతుంది. అందుకని ఆయన నాకు ఎప్పుడూ చెప్పే మాట ఒకటే. తీసివేత రాసే ముందు, ఏది పెద్దదో అడుగు. అడక్కుండా తియ్యకు. సోల్డరింగ్ చేస్తున్నా, కూర తరుగుతున్నా, వెనకనుంచి ఆ మాట వినిపించేది.

ఆ ప్రోగ్రామ్‌లో ఆయన అడగలేదు.

బెల్టు ఆగిన దగ్గర్నుంచి ఎనిమిది సెకన్లు నిలవాలి. ట్రే తగిలించడానికి ఆమెకి ఎంత పట్టిందో చిప్పు లెక్కపెట్టి, ఎనిమిదిలోంచి అది తీసేసి, మిగిలినంత సేపు ఆగుతుంది. ఆమె అయిదు సెకన్లలో తగిలిస్తే మూడు సెకన్లు. కోడలి చెయ్యి చురుకు, ఎప్పుడూ మిగులే. ఈమధ్య కొక్కేలు వంగి, చెయ్యి అలిసి, ఈమెకి ఎనిమిది దాటినప్పుడల్లా తీసివేత సున్నా కిందికి పోయింది. సెకనులో వెయ్యో వంతు చొప్పున కొలుస్తున్న వర్డు అది. ఒక్కసారిగా అరవై అయిదు వేల దగ్గరికి దూకింది. అంటే నిమిషం పైన ఓ నాలుగైదు సెకన్లు. అలిసినప్పుడే సారు వస్తారని ఆమె అన్నది నిజమే. ఆమె చెయ్యి నెమ్మదిస్తేనే బెల్టు ఆగుతుంది.

కారణం తెలిసింది కదా, భయం పోవాలి. పోలేదు. ఆయన ఇరవయ్యేళ్ళలో ఒక్కసారి కూడా ఇలాంటి తప్పు రాయలేదు. కింద ఇంకా చదివాను. భట్టీ ఆపేశాక ఫ్యాను అయిదు నిమిషాలు తిరగాలి. మూడు వందల సెకన్లు. ఆ మూడు వందల్ని ఆయన బైటులో పోశారు. పట్టక, మీటరు తిరిగి, నలభై నాలుగు మిగిలింది. కొత్తగా నేర్చుకునే పిల్లలు చేసే తప్పు.

వానల్లో తలనొప్పి అంటూ మొదలై, డాక్టర్లు తల లోపల గడ్డ ఉందని చెప్పి, ఆయన వెళ్ళిపోవడానికి కొన్ని వారాలే పట్టింది. ఎన్నాళ్ళనుంచి ఉందని నేనడిగితే చెప్పలేమన్నారు. ఈ ప్రోగ్రామ్ రాసింది హోలీకి ముందు, చలి ఇంకా పూర్తిగా పోని రోజుల్లో. అప్పుడు ఆయన నాతోపాటు కూర్చుని భోంచేశారు, అమ్మాయిని స్కూటర్ మీద కాలేజీకి దింపారు. నేనేమీ చూడలేదు.

ఆ తర్వాత నాకు పట్టింది పిచ్చి అనే అనాలి. ఆయన రాసిన ప్రోగ్రామ్‌లన్నీ వెనక్కి వెనక్కి తెరిచి చదవడం మొదలుపెట్టాను. దీని ముందుది నీళ్ళ పంపుకి రాసింది, శుభ్రంగా ఉంది. దాని ముందుది షిఫ్టు మారగానే కూసే హూటర్‌కి, అందులో ఒకే లైను రెండుసార్లు ఉంది. అది గడ్డ రాయించిందా, హడావుడిలో పడిందా? దాని ముందుదాంట్లో ఏమీ లేదు. ఇంకా వెనక్కి పోయాను. మామూలు పొరపాటు కనిపించినా అక్కడే ఆగిపోయేదాన్ని. ఇక్కడా మొదలైంది? ఇక్కడ కూడా ఉందా? వంట మర్చిపోయాను. పక్కన గొంతు సవరించుకునే చప్పుడు ఆగిపోయింది, కానీ ఆయన తల లోపల నేను నడుస్తున్నట్టు ఉండేది, ఒక్కో గదీ తలుపు తీసి చూస్తూ, ఏ గదిలో దీపం ముందు ఆరిందో వెతుకుతూ.

ఒకరోజు అమ్మాయి వచ్చి కంప్యూటర్ తెర మూసేసింది. నేను తెలుగులో మాట్లాడితే తను హిందీలో జవాబిస్తుంది, చిన్నప్పట్నుంచీ అంతే. బస్ కరో మమ్మీ, ఇంక చాలు, అంది. ముందు ఆ సేఠ్ పని పూర్తి చేసి రమ్మంది.

మళ్ళీ గమ్హరియా వెళ్ళాను. లాప్‌టాప్ తగిలించి కూర్చున్నాక, పలాస ఆమె టీ తెచ్చిచ్చి పక్కనే నిలబడింది. ఫ్యాను సంగతి అడిగాను. కూసింత తిరిగి ఆగిపోతుందని, అది అంతే కాబోలనుకున్నామని చెప్పింది. అప్పుడు నేను ఉండబట్టలేక అడిగాను, హోలీకి ముందు బోర్డు బిగించడానికి వచ్చినప్పుడు సారు ఎలా ఉన్నారని.

ఆమె చెంగుతో బెల్టు అంచు తుడిచింది. తర్వాత మెల్లగా చెప్పింది. ఆయన నేను కూర్చున్న ఈ స్టూలు మీదే కూర్చుని తల పట్టుకున్నారట. ఈమె మంచినీళ్ళిచ్చిందట. మీదేవూరమ్మా అని అడిగారు, చెప్పింది. కాసేపాగి మళ్ళీ అడిగారు, చెప్పింది. పెద్దపెద్ద పనులున్నవాళ్ళు, గుర్తుండదు అనుకుంది. మూడోసారి అడగబోయి ఆయనే ఆగిపోయారట.

"'ఈ మాట ఇందాక అడిగినానా?' అన్నారమ్మా. అడిగినారు సారూ అన్నాను. మరి, 'మా ఇంట్లో ఎవులికీ తెలీనీకు, ఆవిడ బెంగెట్టుకుంతాది' అన్నారు. నానెవులికి సెప్తాను? మీరొత్తారని నాకేటి తెలుసు."

ఆయనకి తెలుసు. హోలీకి ముందే తెలుసు. పలాస నుంచి వచ్చిన ఈమెకి తెలిసింది, నాకు తెలియలేదు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. టీ గ్లాసు తాగకుండానే కింద పెట్టేశాను. ఆ వేసవంతా ఆయన ఒక్కరే ఆ బరువు మోస్తూ, నా పక్కన మామూలుగా నవ్వుతూ పడుకున్నారు. నేనడక్కుండా ఎలా ఉన్నానో, ఆయన చెప్పకుండా ఎలా ఉన్నారో.

ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత లాప్‌టాప్ కేసి చూసింది.

"ఇది సేసీత్తే, సారు ఇంక రారా అమ్మా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "ఇంక ఆగదు" అన్నాను. ఆమె తల ఊపింది.

తీసివేతకి ముందు ఒక్క లైను చేర్చాను. ఏది పెద్దదో అడుగు. తీయడానికి చాలకపోతే సున్నా పెట్టు. ఫ్యాను లెక్కని బైటులోంచి వర్డులోకి మార్చాను. చిప్పులోకి ఎక్కించి, ఆమెని కావాలనే నెమ్మదిగా ట్రే తగిలించమన్నాను. తగిలించి బటన్ నొక్కింది. బెల్టు వెంటనే కదిలింది. రంగు కొట్టే ఇద్దరూ అప్పటికే పని ఆపి నిలబడి ఉన్నారు, అది చూసి మళ్ళీ పనిలో పడ్డారు. ఆమె మాత్రం చేతులు పక్కకి వేలాడేసుకుని, సాగిపోతున్న ట్రేని చూస్తూ ఉండిపోయింది.

సేఠ్ వచ్చి సంతోషపడ్డాడు. ఎనిమిది సెకన్లు ఒక మనిషి చేతికి చాలవని, పదకొండు పెట్టానని, వేడి కొంచెం తగ్గిస్తే రంగు బాగానే ఆరుతుందని చెప్పాను. సరుకు తగ్గుతుందని గొణిగాడు. మాడిన బ్రాకెట్ల గుట్ట ఇంకా గుమ్మం పక్కనే ఉంది. దానివైపు చూసి ఊరుకున్నాడు.

ఇంటికి వచ్చి అమ్మాయికి అంతా చెప్పాను. తను ఏడ్చింది, నేను ఏడవలేదు. ఆ తర్వాత తనతో ఒక ఒప్పందం చేసుకున్నాను. ఇంక నుంచి నేను రాసే ప్రతి ప్రోగ్రామూ చిప్పులోకి ఎక్కించే ముందు తను చదవాలి. నాలో ఏదైనా తేడా కనిపిస్తే నాకు చెప్పాలి, దాచకూడదు. సరేనంది. నా ధైర్యం కోసం నేను అడిగిన మాట అది. దానివల్ల తనకేమవుతుందో అప్పుడు ఆలోచించలేదు.

ఇప్పుడు పని బాగానే నడుస్తోంది. మొన్న ఒక పిండిమిల్లు టైమర్ రాస్తూ, వర్డు పెట్టాల్సిన చోట బైటు పెట్టాను. మామూలు పరధ్యానమే, ఫోను మోగుతుంటే రాశాను. అమ్మాయి తెరమీద దాన్ని పట్టుకుంది. వేలు ఆ లైను మీద ఉంచి, నా మొహంలోకి చూసి, చాలా మామూలుగా అడిగింది, "మమ్మీ, కల్ రాత్ క్యా బనాయా థా?"

నిన్న రాత్రి వండింది ఆనపకాయ కూర అన్నాను. వెంటనే అన్నాను, అవసరమైన దానికంటే త్వరగా.

తను కాసేపు అలాగే చూసి, తప్పు దిద్ది, ఫైలు సేవ్ చేసింది.