చెప్పిన మాట, చేర్చిన మాట

విజయనగరంలో మా వీధి చివర ఆదివారం సంతలో ఎండుచేపల గంప దించగానే దారినపోయేవాళ్లు కొంగో రుమాలో ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం ఆ నెత్తళ్ల వాసన తగలగానే ఇంగ్లీషు గ్రామరు గుర్తొస్తుంది. ఈ మాట చెబితే మా కాలేజీలో తోటి లెక్చరర్లు నవ్వుతారు గానీ, వాళ్లు కళింగపట్నంలో పుట్టలేదు, సలోమి టీచరు దగ్గర చదువుకోలేదు.

టీచరు బాప్టిస్టు చర్చి వరండాలో సాయంకాలాలు మాకు పాఠం చెప్పేది. ఎదురుగా ఇసుక మీద పరిచిన నెత్తళ్లు వెండిరేకుల్లా మెరుస్తూ ఎండేవి, సరుగుడు తోపులోంచి వచ్చే గాలి ఆ వాసననంతా మోసుకొచ్చి మా పుస్తకాల మీద కుమ్మరించేది, మేము ఒక కన్ను నల్లబల్ల మీదా ఒక కన్ను కాకుల మీదా పెట్టి, కర్తరి వాక్యాల్ని కర్మణిలోకి మారుస్తూ కూర్చునేవాళ్లం. సముద్రం మీద బతికే ఇళ్ల పిల్లలం కనుక టీచరు ఉదాహరణలన్నీ వలలూ పడవలే. నేను ఇంటికొచ్చి చోడి అంబలి తాగుతూ, 'వల మా నాన్న చేత వేయబడెను' అని వల్లెవేస్తుంటే, చేపల పులుసులోకి మామిడికాయ ముక్కలు తరుగుతున్న మా అమ్మ కత్తిపీట మీద చెయ్యాపి అడిగింది.

"వల ఏయబడ్డమేటే? మీ నాన్న ఏస్తేనే కదా పడతాది."

అమ్మ మాటే నిజమని నాకూ తోచింది. తెలుగులో ఎవరూ అలా మాట్లాడరు. కానీ పరీక్షలో అలాగే అడుగుతారు.

ఆ ఏడు వేసవి చివర మా ఇంట్లో ఒక తగవు పుట్టింది. మా నాన్నకీ మా పెదనాన్నకీ కలిపి ఒకటే పడవ. ఒకరోజు వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర నాన్న పడవని ఒకవైపు తిప్పమంటే పెదనాన్న వద్దన్నాడు. నాన్న వినలేదు. వల రాళ్లకి పట్టుకుని నడిమికి చిరిగిపోయింది. ఒడ్డుకొచ్చాక పెదనాన్న, చేపలు కొనడానికొచ్చిన ఆడవాళ్లందరి ముందూ, "నీకు సముద్రమేటో తెలీదురా, నువ్వు ఒడ్డునే కూకో" అన్నాడు. నాన్న తలొంచుకుని ఇంటికి వచ్చేశాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు.

మాటల్లేవు గానీ పడవ ఒకటే కదా. పనికి కలిసే వెళ్లాలి. మా రెండిళ్లకీ మధ్య ఉన్నది నడుమెత్తు మట్టిగోడ. పెదనాన్న గోడకి ఆ పక్కన నిలబడి, ఈ పక్క నాన్నకి వినబడేలాగే నాతో అనేవాడు. "ఒలే, మీ నాన్నతో సెప్పు. బుర్రున్నోడైతే ఏకువకి ముందే లెగమను." నేను నాన్న వైపు తిరగాలి. నాన్న వినపడనట్టే బీడీ వెలిగించుకునేవాడు, నేను చెప్పేదాకా.

సరిగ్గా ఆ రోజుల్లోనే టీచరు డైరెక్టు స్పీచిని ఇండైరెక్టులోకి మార్చడం మొదలుపెట్టింది. కొటేషన్లు తియ్యాలి, 'నేను'ని 'అతను' చెయ్యాలి, 'ఇక్కడ' అన్నది 'అక్కడ' కావాలి, 'రేపు' అన్నది 'మర్నాడు' కావాలి, కాలం ఒక మెట్టు వెనక్కి జరగాలి. ఈ సూత్రాలన్నీ పిక్కలాట ఆడుతూ కూడా గొణుక్కునేదాన్ని. అన్నింటికన్నా నాకు నచ్చింది మాత్రం క్రియ సంగతి.

"అన్నాడు అని రాసేస్తే సరిపోదమ్మా," అనేది టీచరు. "అడిగాడా, ఆజ్ఞాపించాడా, బతిమాలాడా, బాధపడ్డాడా? ఆ మనిషి గొంతు విని నువ్వు ఎంచుకోవాలి. కొటేషన్లు తీసేస్తే అరుపు పోతుంది. పోనీ. అర్థం మాత్రం పోకూడదు."

నేను ఆ పాఠాన్ని గోడ దగ్గర అమల్లో పెట్టాను. "పెదనాన్న ఏకువకి ముందే లెగమన్నాడు" అనేదాన్ని. నాన్న పొగ వదిలి, "ఇంకేటన్నాడు?" అనేవాడు. "అంతే" అనేదాన్ని. ఆ పక్కనున్న పెదనాన్న తను అన్న మాట అంత చిన్నదైపోయినందుకు ఒకసారి నావైపు చూసేవాడు గానీ కాదనేవాడు కాదు.

ఒకనాడు అన్నాలు తింటుండగా అమ్మ, "అంత మాటన్నాక మళ్లీ ఆ పడవెక్కడమేటి?" అంది. నాన్న ముద్ద కలుపుతూ, "ఏటన్నా ఆడు మా అన్నే" అన్నాడు. ఇంటి మాటల్ని ఇంగ్లీషులోకి మార్చి తెమ్మని టీచరు చెప్పింది కనుక, నేను కాలాన్ని ఒక మెట్టు వెనక్కి జరిపి, 'అతను తన అన్న అయి ఉండెను' అన్న అర్థం వచ్చేలా వాజ్ పెట్టి రాసి చూపించాను. టీచరు వాజ్ కొట్టేసి ఈజ్ రాసింది. "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నప్పుడు కాలం మార్చం కదా. ఇదీ అంతే."

గంగమ్మ పండగ అయిపోయిన వారంలో పెదనాన్న గోడ దగ్గరికొచ్చాడు. ఆ పూట నాన్న ఇంట్లో లేడు, ఒడ్డున వల బాగుచేస్తున్నాడు. "మీ నాన్నతో సెప్పు. రేపు గుజరాతు ఎల్లిపోతన్నాను, అక్కడ పెద్ద బోట్ల మీద పని. పడవ ఆడినే ఉంచుకోమను." మా ఊరి మగవాళ్లు అలా వెళ్లడం కొత్త కాదు. కానీ పెదనాన్న ఎప్పుడూ వెళ్లలేదు. మాట అయిపోయినా ఆయన వెళ్లలేదు. గోడ మీది పెళ్లలు గోటితో గీకుతూ ఉండిపోయాడు.

నేను ఇసుకలో పరుగెత్తి ఒడ్డుకు వెళ్లేసరికి నాన్న ఒళ్లో వల పరుచుకుని కూర్చున్నాడు. చెప్పాల్సిన రెండు మాటలూ చెప్పాను. నాన్న సూది ఆపలేదు.

"ఇంకేటన్నాడు?"

ఈసారి అంతే అనలేకపోయాను. "ఏటీ అననేదు నాన్నా. నువ్వొచ్చి ఆపుతావేమోనని సూస్తన్నాడు."

నాన్న సూది ఆపి నీళ్లకేసి చూశాడు.

మర్నాడు శ్రీకాకుళం బస్సు దగ్గరికి పెదనాన్న రేకు పెట్టెను మోసుకొచ్చింది నాన్నే. ఇద్దరూ ముందు నడిచారు, వెనకే పెద్దమ్మా నేనూ. బస్సు కనబడ్డాక నాన్న పెట్టె దించి, "ఆ రోజు నీ మాటినాల్సింది. ఎల్లకు" అన్నాడు. పెదనాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "బోటు మేస్త్రీకి మాటిచ్చీసేను. సీజనైపోతే వచ్చెత్తాను. వల అతుకులు ఓసారి సూసుకో" అన్నాడు.

అన్నట్టే తిరిగొచ్చాడు. ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్యా నాకు పని లేకపోయింది.

ఇప్పుడు పెదనాన్న లేడు. మట్టిగోడ ఉన్నచోట సిమెంటు మెట్లున్నాయి. చర్చికి కొత్త హాలు కట్టారు, వరండా పోయింది. ఊళ్లో పిల్లలు పొద్దున్నే స్కూలు వ్యానెక్కి వెళ్తారు, సూత్రాల జోలికి పోకుండానే ఇంగ్లీషు గడగడా మాట్లాడతారు. నాకు సంతోషమే. గొంతు విని క్రియ ఎంచుకోమని చెప్పేవాళ్లు మాత్రం వాళ్లకి ఎవరైనా ఉన్నారో లేదో తెలీదు.

మొన్న ఊరెళ్లినప్పుడు సలోమి టీచరు సమాధి చూడాలని బయల్దేరితే, నాన్న కర్ర పట్టుకుని తానూ వస్తానన్నాడు. టీచరు బతికుండగా ఆమెతో నాన్న ఒక్క మాటైనా మాట్లాడింది నాకు గుర్తులేదు, వరండా ముందునుంచి వెళ్తే తలపాగా తీసేవాడంతే. సమాధి మీద ఇసుక పేరుకుంది. నాన్న వంగలేక వంగి, తువ్వాలుతో రాతి మీది ఇసుక దులిపాడు. ఏదో చెప్పాలనుకుంటున్నాడని తెలిసి, ఆయన తరఫున నేనే చెప్పబోయాను.

నాన్న చెయ్యెత్తి నన్ను ఆపాడు. రాయి వైపే చూస్తూ, నెమ్మదిగా, "మా పిల్లకి మంచి సదువు సెప్పేవు తల్లీ" అన్నాడు.