ఏడు చుట్లు తిరగని మావ

"మీ మావ పోనాడు అల్లుడా," అని పక్కింటి అత్త గోడ అవతలి నుంచి అంది. మంగళవారం పొద్దున, నేను మోటార్‌సైకిళ్లు బాగుచేసే నా షాపుకు బయలుదేరుతూ హెల్మెట్ పెట్టుకుంటున్నాను. నిద్రలోనే పోయాడట. హెల్మెట్ తలమీద ఉండగానే గేటు దగ్గర కూలబడి, నలభై ఏళ్లవాణ్ణి, ఏడ్చాను.

మీలో చాలామందికి ఆయన తెలియదు. తెలియాలనే రాస్తున్నాను. ఆయన మాకు చుట్టం కాదు. మలాయ్ దేశంలోని మా ఊరు సుంగై సిపుట్‌లో మా రెండిళ్లకూ మధ్య ఒకే గోడ. వాళ్లు క్రైస్తవులు, మేం హిందువులం. మా తాతలు ఒకే రబ్బరు ఎస్టేటులో చెట్ల పాలు తీసినవాళ్లు కాబట్టి మావా అల్లుడూ వరసలు వాటంతటవే కలిశాయి. మావ వీధి చివరి చిన్న చర్చిలో సంఘ పెద్ద. ఆదివారం జబ్బుపడ్డవాళ్ల పేర్లు చదివి ప్రార్థన చేయించేవాడు. పాత క్యాలెండరు కాగితాల వెనక ఆ పేర్లు రాసుకునేవాడు. అందులో సగంమంది చర్చి గడప తొక్కనివాళ్లే. కాఫీ అమ్మే కోపి కొట్టు చైనా ముసలాయన, మలాయ్ పోస్టుమ్యాన్ భార్య, డయాలసిస్‌లో ఉన్న మా అమ్మ.

"అమ్మ గుడికెళ్లే మనిషి కదా మావా," అంటే, "జొరం గుడీ సర్చీ సూసి వత్తాదేటిరా?" అని కసిరాడు.

పోయిన ఎన్నికల్లో నేను మా పార్టీ అభ్యర్థి వెంట తిరిగాను. పట్నం నుంచి ఒక బోధకుడు ఆయనకు మద్దతుగా వచ్చాడు. దేవుని బిడ్డలే దేశాన్ని ఏలాలి, సర్కారనే కొండను పట్టుకోవాలి, ఇదీ ఆయన బోధ. మాకేం, ఓట్లొస్తే చాలు. ఆ బోధకుడు మాట్లాడడానికి చర్చి తెరిపించమని మావని బతిమాలాను. నా మొహం చూసి ఒప్పుకున్నాడు.

మా అభ్యర్థికి ఓటెయ్యడం దేవుని ఆజ్ఞ అన్నాడు బోధకుడు. పోలింగు ముందురోజు సంఘమంతా ఓట్లు వేసే బడి చుట్టూ ఏడుసార్లు తిరగాలన్నాడు. నాకది ప్రదక్షిణలా తోచింది. భక్తే కదా అని నడిచేవాళ్ల కోసం అరటిగెల కూడా కొన్నాను. ఎంత తెలివితక్కువ వెధవని!

ఆ గెల చూసి మావ నెత్తి కొట్టుకున్నాడు. "ఓరి పిచ్చోడా, ఇది మొక్కు కాదురా. మా గ్రంథంలో ఏడు సుట్లు తిరిగింది ఊరి గోడలు పడగొట్టడానికి. ఈళ్లు పట్టాలనుకుంతంది ఏ ఊరేటి? నీ ఇల్లూ, నీ గుడీ, ఆ కోపి కొట్టూ అన్నీ అందులోవే."

సంఘం ముందు లేచి కూడా చెప్పాడు. "ఓటు మీ ఇష్టం. దేవుడి పేరు సెప్పి నాను అడగను. నాను నడవను." తలుపు దగ్గర నిలబడి విన్నాను. మావ పక్కకు వెళ్లి నిలబడలేదు. పక్కనే అభ్యర్థి ఉన్నాడు మరి.

మేం గెలిచాం. నెల తిరక్కుండానే సంఘం మావని పెద్దరికం నుంచి తీసేసింది. అవిశ్వాసి అన్నారు, ఆ పేర్లు కూడా చదవొద్దన్నారు. ముప్పై ఏళ్లు ఆ బెంచీలు తుడిచిన మనిషి ఆదివారాలు ఇంట్లో కూర్చున్నాడు. ఒక్కొక్క పేరే చదువుతున్న ఆయన గొంతు మా వంటింట్లోకి వినిపించేది.

ఒకరోజు గోడ దగ్గర నిలబడి, "నా వల్లే మావా," అన్నాను.

"అవును, నీ వల్లే," అన్నాడు. అబద్ధమాడి ఓదార్చే మనిషి కాదు. "అందుకే నీ పేరు కూడా రాసినాను, జబ్బోళ్లలో," అని తనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ రావడం లేదు.

సమాధి చెయ్యడానికి ముందు ఇంటి దగ్గరే ప్రార్థన పెట్టారు. కుర్చీలు చాలకపోతే మా గుడి హాలు నుంచి లారీలో తెచ్చి నేనే వరసలు వేశాను. అభ్యర్థి పూలదండ పంపాడు, తను రాలేదు. సంఘంవాళ్లు వచ్చారు, ఆనాడు బడి చుట్టూ నడిచినవాళ్లే. గేటు దాటడానికి మొహం చెల్లక ఎండలో నిలబడిపోయారు.

అత్త వెళ్లింది. "ఎండలో నిలబడ్డారేటి, రండి, కూకోండి," అని ఒక్కొక్కరినీ చెయ్యిపట్టి తీసుకొచ్చింది. వాళ్లు పాట మొదలుపెట్టారు, సగంలోనే ఆపేశారు. నేను వెనకాల నిలబడి చూస్తున్నాను. తలలు వంచుకుని ఏడుస్తున్నారు. వాళ్లు కూర్చున్న ప్రతి కుర్చీ వెనకా పసుపు రంగులో మా మారియమ్మ గుడి పేరు.