పక్కకు చూస్తున్న అమ్మ

తొంభైల్లో ఒకరోజు, అమ్మ బొమ్మకు కొత్త ఫ్రేము కట్టించి, లాల్‌దర్వాజాలో బస్సెక్కాను. పెళ్లయిన కొత్తలో నాన్న ఆర్టిస్టు చేత వేయించిన రంగుల బొమ్మ అది. అందులో అమ్మ పక్కకు చూస్తుంటుంది. నా చిన్నప్పుడే ఆమె పోయింది.

పక్క సీటులోని బురఖా పెద్దావిడ బొమ్మను ఒళ్లోకి తీసుకుంది.

"ఎటు చూస్తున్నది బేటీ?"

"ఆరోజు నాన్న ఆలస్యంగా వచ్చారని అలిగిందట. ఆయనే అంటుంటారు."

"అలిగితే కండ్లు గిట్ల మెరుస్తయా? కావాల్సినోళ్లు వస్తున్న చప్పుడైంది. గందుకే తిరిగి చూస్తున్నది," అంటూ అద్దం మీది దుమ్ము తుడిచి ఇచ్చింది.

ఇంటికెళ్లి, అమ్మ చూపు గుమ్మం మీద పడేలా ఆ బొమ్మను వేరే గోడకు తగిలించాను.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన నాన్న చెప్పులు విడుస్తూ తలెత్తారు. చాలాసేపు లోపలికి రాలేదు.