వెనక సీట్లో పడుకుని చూసిన బండ్లు

మొన్న మా పక్కింటాయన పాత బండి కొంటానని, తోడుగా నన్ను తీసుకుపోయాడు. మెదక్ బస్టాండుకు కొంచెం అవతల, ఒకరింటి ముందు అమ్మకానికి పెట్టిన చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి అది. ఆయన బానెట్ ఎత్తి ఆయిల్ చూస్తుంటే, నేను వెనక తలుపు తీసి, చెప్పులు విడిచి, సీటు మీద అడ్డంగా పడుకున్నాను. అమ్మేటాయన కంగారుగా వచ్చి, "సార్, తబియత్ మంచిగ లేదా? నీళ్ళు తెమ్మంటరా?" అన్నాడు. సిగ్గుపడి లేచి కూర్చున్నాను. అలవాటు అని చెబితే ఎవరు నమ్ముతారు? కానీ అది అలవాటే, మా బావ చేసిన అలవాటు.

బావ అంటే మా అక్క భర్త. వాళ్ళకు కౌడిపల్లి దగ్గర పొలం, పొలంలోనే ఇల్లు ఉండేవి. ఇంటి నుంచి పెద్ద రోడ్డుకు వచ్చే మట్టిబాట ఎండాకాలం బాగానే ఉండేది. వానలు పడితే మాత్రం కాలికున్న చెప్పును కూడా వదిలేది కాదు. ఒక వానాకాలం పొద్దున అక్కకు గుండెల్లో నొప్పి వచ్చింది. బావ ఆమెను కారు వెనక సీట్లో పడుకోబెట్టి బయలుదేరాడు. కారు ఆ బాటలో దిగబడింది. పక్క పొలంలో దున్నుతున్న ట్రాక్టరు వచ్చి లాగేసరికి చాలాసేపయింది. దవాఖానలో డాక్టరు చూసి, ఇంకొంచెం ముందు తెస్తే బాగుండేది అన్నాడు. ఆ మాట ఎందుకంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పోయిన మనిషికి అది పనికిరాదు, ఉన్న మనిషిని బతకనివ్వదు. ఆ డాక్టరు మీద నా కోపం ఇంకా తగ్గలేదు.

తరువాత బావ పొలం కౌలుకిచ్చి, మెదక్‌లో మా వీధిలోనే ఒక ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. పాత కారు అమ్మేశాడు. కొంటే నాలుగు చక్రాలూ లాగే బండే కొనాలని పట్టు పట్టాడు. "అంగట్ల కూరగాయలు తెచ్చుకోనీకె గసొంటి బండెందుకంట?" అని మా ఆవిడ నా దగ్గర గొణిగేది కానీ, ఆయన ముందు అనలేదు. నర్సాపూర్‌లో ఒకటుందంటే అక్కడికి, శంకరంపేటలో ఇంకొకటుందంటే అక్కడికి, నా స్కూటరు మీద ఇద్దరం పోయేవాళ్ళం. ఆయన చూసే తీరు చూస్తే అమ్మేవాడికి చెమటలు పట్టేవి. ఆయిల్‌ను వేళ్ళ మధ్య రుద్దేవాడు, పొగ రంగు చూసేవాడు, తెల్లచొక్కాతోనే బండి కిందికి దూరి తుప్పు అంటించుకుని వచ్చేవాడు. మ్యాట్లు ఎత్తి వాసన కూడా చూసేవాడు. అంతా అయ్యాక, "బామ్మర్దీ, ఎనక పండుకో" అనేవాడు.

నేను పొడుగు మనిషిని. ఆ చిన్న బండ్లలో పడుకుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. మొదటిసారి నన్ను ఆటపట్టిస్తున్నాడనుకుని, "ఏంది బావా, మేకపోతును తోలుకపోయినట్టు నన్ను సంతకు తోలుకపోతవా?" అన్నాను. ఆయన నవ్వలేదు. ముందు సీట్లో కూర్చుని, అద్దాన్ని నా ముఖం కనబడేటట్టు తిప్పుకుని, "మెడకు ఎత్తుగున్నదా? ఊపిరి మంచిగ ఆడుతున్నదా?" అని అడిగాడు. అప్పుడు అర్థమైంది. అక్క నాకంటే చాలా పొట్టి బావా అనబోయి ఊరుకున్నాను. ఆ తరువాత ఆయన అడగకముందే చెప్పులు విడిచి పడుకునేవాణ్ణి. ఏ బండీ ఆయనకు నచ్చలేదు. ఒకదానికి క్లచ్ బాగాలేదన్నాడు, ఒకదాని టైర్లు అరిగాయన్నాడు, ఇంకొకదాని హారన్ సన్నగా ఉందన్నాడు. హారన్‌కు వంక పెట్టిన రోజు మాత్రం నాకు ఓపిక పోయింది.

చివరికి మెదక్‌లోనే ఒక కిరాణా సేటు బండి దొరికింది. ఎంత వెతికినా దానికి వంక దొరకలేదు. "తోలుకపోయి సూడుండ్రి పటేలా, మీరు పరాయోళ్ళా?" అని సేటు తాళంచెవి చేతిలో పెట్టాడు. నాలుగు రోజులుగా ముసురు. బావ ఏమీ చెప్పకుండా బండిని కౌడిపల్లి వైపు తిప్పాడు. పొలంబాట మొదట్లో ఆపి, "పండుకో" అన్నాడు. పడుకున్నాను.

పడుకుంటే బండి కప్పు, కిటికీలో తడి ఆకాశం తప్ప ఏమీ కనబడవు. ఆ రోజు అక్క అంతసేపూ చూసింది ఇదే కదా అనిపించింది. బావ ఫోర్ వీల్ లివరు లాగాడు. కింద బురద కొట్టుకుంటున్న చప్పుడు. బండి ఒకసారి పక్కకు జారింది, వెంటనే సర్దుకుంది, మెల్లగా సాగింది. ఎక్కడా ఆగలేదు. తాళం వేసిన వాళ్ళ పొలం ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. బావ ఇంజను ఆపాడు. "గింతేనా?" అన్నాడు. మళ్ళీ, "గింతేనా బామ్మర్దీ? గీ జర్ర దూరమేనా?" అని స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు. అక్క పోయిన రోజు కూడా ఆయన అట్లా ఏడవలేదు. నాకు లేవాలనిపించలేదు. పడుకునే ఏడ్చాను, కన్నీళ్ళు చెవుల్లోకి పోయాయి.

అన్ని బండ్లకూ వంకలు ఎందుకు పెట్టాడో ఆ రోజు తెలిసింది. ఏ బండీ ఆ బురద దాటదని తేలితే ఆయన మనసుకు నిమ్మళంగా ఉండేది. తిరిగి వచ్చాక బండిని తానే శుభ్రంగా కడిగి, "బండి మస్తుగున్నది సేటూ. నాకొద్దు" అని తాళంచెవి ఇచ్చేశాడు. మళ్ళీ ఏ బండీ చూడలేదు.

పోయిన నెల ఒక పెళ్ళికని ఇద్దరం బస్సులో నర్సాపూర్ పోతున్నాం. కౌడిపల్లి దగ్గర పడుతుండగా ఆయన కిటికీ వైపు చూడకుండా, "మన బాటకు తారు రోడ్డేసిండ్రంట గదా" అన్నాడు.

"ఏసిండ్రంట బావా."

"ఇప్పుడైతే ఎంతసేపు పడ్తదో."

"నేను పోలే బావా, నాకు తెల్వది" అన్నాను.

నిజానికి రోడ్డు పడ్డ కొత్తలోనే స్కూటరు మీద పోయి చూశాను. గేరు మార్చేలోపే ఇల్లు వచ్చేసింది. కానీ ఇన్నేళ్ళయినా మా బావకు ఆ కాస్త బాట దాటడం కాలేదు, ఇంకా ఎంతసేపు పడుతుందో నేనెట్లా చెప్పను?